పబ్లిక్ ల్యాండ్‌లో ఎల్క్ వేట: గాలి మారిపోతోంది, పక్క వేటగాళ్ళు చెడగొడుతున్నారు. ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: డెన్వర్‌లో ఉంటున్నారు, విల్లుతో ఎల్క్ (ఒక రకం పెద్ద జింక) వేట కొత్తగా మొదలుపెట్టారు, నేషనల్ ఫారెస్ట్‌లో ఎక్కడికి వెళ్ళినా మీకంటే ముందే ఎవరో ఉంటున్నారు, ఎల్క్‌లు దగ్గరికి వచ్చినట్టే వచ్చి మాయమవుతున్నాయి. గాలిని నమ్మలేకపోతున్నారు, జనాన్ని భరించలేకపోతున్నారు. పబ్లిక్ ల్యాండ్‌లో అంటే అందరికీ చెందిన ప్రభుత్వ భూమిలో, ప్రయత్నించడం దండగేనా అని.

దండగ కాదు. నేను వాయవ్య కొలరాడోలో, ఫ్లాట్ టాప్స్ చుట్టుపక్కల, చాలా ఏళ్ళుగా విల్లుతోనే వేటాడుతున్నాను. కొండగాలికి ఒక టైమ్ టేబుల్ ఉంది, వేటగాళ్ళకూ ఒక టైమ్ టేబుల్ ఉంది. ఎల్క్‌లకు ఆ రెండూ కంఠతా వచ్చు. మనమూ ఆ రెండిటినీ కలిపి చదవాలి. నేను చెప్పబోయేదంతా ఇదే.

ఈ సంగతులు తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. ఇక్కడ లెక్క వేరు. ఎల్క్ అంటే మన నల్లమల కణుజుకి చుట్టం. ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది. విచ్చలవిడి వేట వల్ల 1910 నాటికి కొలరాడో మొత్తం మీద వెయ్యి లోపే మిగిలాయి. వయోమింగ్ నుంచి తెచ్చి వదిలారు, సీజన్లు పెట్టారు, ట్యాగులు (ఒక్కో జంతువుకు వేట అనుమతి చీటీలు) పెట్టారు. ఇప్పుడు సుమారు 2,80,000 ఉన్నాయి, ప్రపంచంలో ఇంకెక్కడా ఇన్ని లేవు. తుపాకులు, తూటాల మీద 1937 చట్టం కింద వసూలయ్యే పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది. తర్వాత విల్లంబులనూ అందులో చేర్చారు. మనం అడవిలో తిట్టుకునే ఆ పక్క వేటగాడి డబ్బు కూడా ఇందులో ఉంది. కోపం వచ్చినప్పుడు నేను గుర్తు చేసుకునే మాట ఇది.

గాలి సంగతి ముందు చెప్తాను.

కొండల్లో గాలి రెండు రకాలు. ఒకటి ఫోన్లో వెదర్ యాప్ చూపించేది. శిఖరం మీద నిలబడితే అది నిజమే. రెండోది ఎండని బట్టి పుట్టేది. లోయల్లో, చెట్ల మధ్య మనల్ని పట్టిచ్చేది ఎక్కువగా ఈ రెండోదే. నీరు పల్లమెరుగు అంటాం కదా, చల్లగాలి కూడా అంతే. రాత్రి చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంబడి కిందికి, వాగుల్లోకి దిగుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి పైకి ఎక్కుతుంది. సాయంత్రం నీడ పడగానే మళ్ళీ కిందికి. చాలామంది ఇంతవరకూ తెలుసుకుని ఆగిపోతారు. చిక్కంతా గాలి మారే వేళలో ఉంది.

తూర్పుకు తిరిగిన వాలు ముందు వేడెక్కుతుంది. ఉత్తరానికి తిరిగినది, స్ప్రూస్, ఫిర్ చెట్లు దట్టంగా ఉండేది, చాలాసేపు నీడలోనే ఉంటుంది. ఎల్క్‌లు పగలు పడుకోవడానికి ఇష్టపడేది అక్కడే. అంటే ఒకే లోయలో ఒక పక్క గాలి పైకి ఎక్కుతుంటే, ఎదుటి పక్క ఇంకా కిందికి దిగుతూనే ఉంటుంది. రెండూ కలిసే చోట సుడి తిరుగుతుంది. సెప్టెంబర్‌లో నేను తిరిగే చోట్ల ఈ గందరగోళం దాదాపు ఎనిమిదిన్నరకు మొదలై పదింటికి తేరుకుంటుంది. మబ్బుగా ఉంటే ఇంకా సాగుతుంది. మధ్యాహ్నం పెద్ద మబ్బు ఒకటి సూర్యుడికి అడ్డం వచ్చినా చాలు, పైకి పోతున్న గాలి కాసేపు కిందికి తిరుగుతుంది. ఆ వేళల్లో నేను కదలను. ఎల్క్ రంకెలు వినపడుతున్నా సరే, కూర్చుంటాను. ఇది చాలా కష్టం, కానీ నా లెక్కలో సగం వేట ఇదే.

కొండల మధ్య పల్లంగా ఉండే కనుమలు, వాగు పుట్టే గిన్నెలాంటి చోట్లు, గాలి వీచే శిఖరానికి అవతలి పక్క, ఈ మూడు చోట్లా గాలి ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. అక్కడ ఎల్క్ కనిపించినా నేను లోపలికి వెళ్ళను. అవి బయటికి వచ్చే దాకా ఆగుతాను.

గాలి చూడటానికి వాసన లేని పొడి ఉన్న చిన్న సీసా అందరి దగ్గరా ఉంటుంది. అది మీ పక్కన గాలి ఎటుందో చెప్తుంది, అంతే. ముప్పై గజాల అవతల ఏమవుతుందో తెలియాలంటే మిల్క్‌వీడ్ దూది కావాలి. అది మన జిల్లేడు కుటుంబం మొక్కే, కాయ పగిలితే అలాంటి దూదే ఎగురుతుంది. ఒక పోగు వదిలి కళ్ళతో వెంబడించండి. మీ ముందు నుంచి నేరుగా వెళ్తున్నట్టే వెళ్ళి, పడిపోయిన చెట్టు దగ్గర పైకి లేచి, వెనక్కి తిరిగి మీ నెత్తి మీదుగా పోవడం చూస్తే, ఎల్క్‌లు "కారణం లేకుండా" ఎందుకు పారిపోయాయో అర్థమవుతుంది.

వాసన పోగొట్టే స్ప్రేల మీద డబ్బు తగలెయ్యకండి. బట్టలకు తిరగమోత వాసన పడుతుందేమో అని మన స్నేహితులు నన్ను అడుగుతుంటారు. బట్టలు విడిగా పెట్టుకోవడం మంచిదే. కానీ ఎల్క్ పట్టేది మన చెమట, మన ఊపిరి. కొన్ని వందల గజాల దూరం నుంచి పడుతుంది. దాన్ని దాచే మందు ఏ సీసాలోనూ లేదు.

ఇక జనం. మీ బాధ నాకు అర్థమవుతుంది. ఒక పొద్దున్న జరిగింది చెప్తాను.

వాగు పక్కన, ఆస్పెన్ చెట్ల మధ్య మోకాళ్ళ మీద ఉన్నాను. పొడి వదిలితే నా ఎడమ మోకాలి పక్క నుంచి నెమ్మదిగా వాగులోకి దిగుతోంది. అరవై గజాలు పైన ఒక బుల్, అంటే మగ ఎల్క్, లేత చెట్టుకు కొమ్ములు రుద్దుతోంది. బెరడు పీలికలు కొమ్ములకు వేలాడుతున్నాయి, దాని మదం వాసన నాకు ఘాటుగా తగులుతోంది. చుట్టూ ఐదారు ఆడవి, వీటిని కౌ అంటారు. అంతలో పైనున్న కనుమలోంచి ఒక మనిషి ఎల్క్‌ను పిలిచే గొట్టంలో నకిలీ రంకె ఊదాడు, ఊది ఊరుకోకుండా కిందికి నడిచి రావడం మొదలుపెట్టాడు. గాలి ఇంకా కిందికే దిగుతోంది. ఆయన కంటే ముందు ఆయన వాసన మంద మీదికి వస్తోంది.

ఒక ముసలి కౌ తల ఎత్తింది. ఆ రంకె వచ్చిన వైపు చెవులు తిప్పి, అంతగా పట్టించుకోకుండా మళ్ళీ మేతలో పడింది. నిమిషం తర్వాత ముట్టె పైకెత్తి, ముక్కుపుటాలు విప్పి, గాలిని లోపలికి లాగింది. ఒక్క మొరుగు. అంతే, కట్టెలు విరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన దిగివచ్చి "ఇక్కడేమైనా కనిపించాయా" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కానీ ఆ కౌ చేసింది గమనించండి. చప్పుడుకు పోలేదు, వాసనకు పోయింది. పోయింది కూడా చెల్లాచెదురుగా కాదు. వాగు దాటి, ఎదుటి పక్క ఉత్తరపు వాలులోని దట్టమైన చెట్లలోకి. అవి రోజూ పగలు పడుకునే చోటికే, కాకపోతే రెండు గంటలు ముందు.

గాలి సర్దుకునే దాకా కూర్చున్నాను. పదకొండు దాటాక, గాలి నిలకడగా పైకి వీస్తున్నప్పుడు, చుట్టు తిరిగి ఆ వాలు పైకి ఎక్కి, అక్కడి నుంచి అడ్డంగా, మెల్లగా దిగాను. వాటి గాలి నా ముఖం మీదికి వస్తోంది, నా గాలి శిఖరం దాటి పోతోంది. బుల్ మళ్ళీ కనపడలేదు. నా ట్యాగు ఆడదైనా మగదైనా చెల్లేది. ముప్పై గజాల్లో ఒక కౌ పక్కకు తిరిగి లేచి నిలబడింది. మాంసం విడదీసి, గుడ్డ సంచుల్లో నీడన వేలాడదీసి, మోసుకు రావడానికి రాత్రయింది. ఒక తొడ మోసిపెట్టింది దారిలో కలిసిన ముక్కూమొహం తెలియని వేటగాడు. డబ్బు ఇస్తానంటే నవ్వి వెళ్ళిపోయాడు. అలాంటివాళ్ళూ ఈ అడవిలోనే ఉన్నారు.

ఇప్పుడు వేటగాళ్ళ టైమ్ టేబుల్. నాలుగున్నరకే ట్రైల్‌హెడ్ (కాలిబాట మొదలయ్యే చోటు) దగ్గర ట్రక్కులు నిండుతాయి. చీకట్లో హెడ్‌ల్యాంపులు పెట్టుకుని అందరూ వాగు వెంబడి ఉన్న దారిలోనే పైకి నడుస్తారు. అప్పుడు గాలి ఎదురుగా వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. తొమ్మిదికి గాలి తిరుగుతుంది, వాళ్ళందరి వాసనా కలిసి పైకి ఎక్కుతుంది. ఎల్క్‌లు తప్పుకుంటాయి. పదకొండుకల్లా ఎక్కువమంది తిండికి, నిద్రకు క్యాంపుకు దిగిపోతారు. మళ్ళీ నాలుగుకు వస్తారు. గాలి నిలకడగా పైకి వీచే గంటలూ, అడవి ఖాళీగా ఉండే గంటలూ ఒకటే! ఆ సమయం మీది. మధ్యాహ్నం పైనుంచి గానీ పక్కనుంచి గానీ వెళ్ళండి, కింది నుంచి మాత్రం వద్దు. నాలుగు దాటాక మళ్ళీ కిందికి చేరిపోండి, ఎందుకంటే నీడ పడగానే గాలి దిగడం మొదలవుతుంది.

వారంలో మంగళవారం నుంచి గురువారం దాకా రద్దీ తక్కువ. సీజన్ మొదటి వారాంతమూ, సెప్టెంబర్ మధ్యలో మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకి) సీజన్ తొమ్మిది రోజులూ జనం ఎక్కువ. 2025 నుంచి పడమటి యూనిట్లలో (వేట కోసం విడదీసిన ప్రాంతాల్లో) వేరే రాష్ట్రాల వాళ్ళకు విల్లు ట్యాగులు లాటరీలోనే ఇస్తున్నారు కానీ, రద్దీ పూర్తిగా పోతుందని ఆశపెట్టుకోకండి.

"రోడ్డుకు దూరంగా వెళ్ళు" అనే సలహా అందరూ ఇస్తారు. నాకు దాని మీద నమ్మకం తగ్గింది. అందరి ఫోన్లలో అదే మ్యాప్, అందరూ చదివింది అదే సలహా, ఐదు మైళ్ళ లోపల ఉన్న అందమైన పచ్చిక దగ్గర గుడారాలు వేసుకుని కూర్చుంటున్నారు. నేను వెతికేది రోడ్డుకు అరమైలు పైన, నిటారుగా, పడిపోయిన దుంగలతో నిండి, ఎవరికీ నడవబుద్ధి కాని చోట్ల కోసం. తాజా పెంటికలు నాకు అక్కడే ఎక్కువ కనిపించాయి.

మనుషులతో ఎలా మెలగాలన్నది వేరే సంగతి. కొలరాడోలో చట్టబద్ధమైన వేటకు కావాలని అడ్డుపడటం నేరం. కానీ మరో వేటగాడు తెలియక మీ మీదికి నడిచి రావడం దాని కిందికి రాదు. అది అందరి నేల. ముందు వచ్చినవాడికి మర్యాద దక్కాలి తప్ప హక్కు ఉండదు. అందుకే ట్రైల్‌హెడ్ దగ్గరే నోరు విప్పి మాట్లాడతాను: నేను ఎడమ వాగులోకి పోతున్నాను, మీరెటు? చాలామంది నిజం చెప్తారు, సర్దుకుంటారు. లోయలో ముందే దీపం కనిపిస్తే నేను వేరే లోయకు వెళ్తాను. రెండో చోటు, మూడో చోటు ముందే అనుకుని ఉంటాను. ఎవరైనా బుల్‌ను పిలుస్తున్నారని తెలిస్తే ఆ పక్కకే పోను. మీ మీదికి ఎవరైనా వస్తే చెయ్యి ఊపి మీరున్నట్టు తెలపండి. వాదన పెట్టుకోకండి, ఇద్దరి చేతుల్లోనూ ఆయుధాలున్నాయి. విల్లు సీజన్‌లో ఇతరులకు కనపడేలా ఆరెంజ్ రంగు వేసుకోవడం తప్పనిసరి కాకపోయినా, మాంసం మోసుకొచ్చేటప్పుడు సంచికి ఆరెంజ్ గుడ్డ కడతాను.

పిలవడం గురించి ఒక్కటి. మగది పిలుపు విని నేరుగా రాదు, చుట్టు తిరిగి వాసన చూసుకుని వస్తుంది. ఇద్దరుంటే పిలిచే మనిషి కంటే నలభై, యాభై గజాలు ముందు, గాలి పోయే వైపున విల్లు పట్టుకున్న మనిషి ఉండాలి. ఒక్కరే అయితే పిలిచి, వెంటనే ఆ పక్కకు జరగండి. జనం ఎక్కువున్న చోట గొట్టం సంచిలోనే ఉంచండి. ఆడ ఎల్క్ చిన్న కూత ఒకటి రెండు చాలు. పొద్దుటి నుంచి నకిలీ రంకెలు విని విసిగిపోయిన బుల్ మారు పలకదు, చప్పుడు లేకుండా వస్తుంది.

వచ్చే ఆగస్టులో విల్లు లేకుండా ఒకసారి వెళ్ళండి. మీరు అనుకున్న లోయలో, చీకటి ఉండగానే ఒక చోట కూర్చుని మధ్యాహ్నం దాకా లేవకండి. ప్రతి పది నిమిషాలకు దూది ఒక పోగు వదిలి, ఎటు పోయిందో, ఆ పక్కకు ఎండ ఎప్పుడు వచ్చిందో రాసుకోండి. మర్నాడు ఎదుటి వాలు మీద అదే పని చేయండి. ఆ కాగితం సెప్టెంబర్‌లో మీ జేబులో ఉండాలి.