శ్రీలంకలో చనిపోయిన మన సైనికులు ఎవరికైనా గుర్తున్నారా?

ఉన్నారు, వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో. బయట చెబితే మాత్రం "శ్రీలంకతో మనకు యుద్ధం ఎప్పుడైంది?" అంటారు.

మా చిన్న మామయ్య 1987 అక్టోబరులో జాఫ్నాలో పోయాడు. ఇరవై రెండేళ్ళు. పోరాటం శ్రీలంకతో కాదు, అక్కడ తమిళులకు వేరే దేశం కావాలని ఆయుధాలు పట్టిన ఎల్టీటీఈతో. జులైలో మన ప్రభుత్వానికి, శ్రీలంక ప్రభుత్వానికి ఒప్పందం అయ్యాక వాళ్ళ ఆయుధాలు దింపించడానికి మనవాళ్ళు వెళ్ళారు, అక్టోబరుకల్లా వాళ్ళతోనే కాల్పులు. 1990 మార్చిలో చివరి బృందం తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మంది లేరు. నన్నడిగితే ఆ దళానికి పెట్టిన 'శాంతి సేన' అన్న పేరే కొంప ముంచింది. యుద్ధం అని ఉంటే జనానికి గుర్తుండేది. పంద్రాగస్టుకు మా కాలనీలో కట్టే ఫ్లెక్సీలో కార్గిల్ ఉంటుంది, సినిమా హీరో కూడా ఉంటాడు. వీళ్ళుండరు.

మామయ్యను అక్కడే దహనం చేశారట. మల్కాజ్‌గిరిలో మా అమ్మమ్మ ఇంటికి వచ్చింది ఆయన నల్ల ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు. తాళంచెవి దారిలో ఎక్కడ పోయిందో రాలేదు. పక్కింటాయన సుత్తి తెస్తే అమ్మమ్మ పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టి, "పగలగొట్టకుండ్రి, వాడు వేసిన తాళం" అంది. చివరికి స్టేషన్ దగ్గర తాళాలు బాగుచేసే చాచాను పిలుచుకొచ్చారు. అరగంట కూర్చుని, గీత కూడా పడకుండా తీశాడు. డబ్బులు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

లోపల షేవింగ్ సెట్టు, కాన్వాస్ బూట్లు, సగం అరిగిన సబ్బు, ఒక ఇన్‌లాండ్ లెటర్. లెటర్ లోపలంతా ఖాళీ. పైన అమ్మమ్మ అడ్రసు మాత్రం రాసి ఉంది. పిన్ కోడ్ ఆరు గళ్ళలో నాలుగే నిండాయి, చివరి రెండు ఆయనకు ఎప్పుడూ గుర్తుండేవి కావట. అమ్మమ్మకు చదువు రాదు. సాయంత్రాలు నాతో ఆ అడ్రసే చదివించుకునేది. నేను చివర్లో "నాలుగు, ఏడు" కలిపి చదివితే, "వాడు రాయలేదు గదా, రాసినంతే చదువు" అని కసిరేది.

పింఛను కోసం ఆమెను ఒక ఆఫీసులో ఎన్నిసార్లు తిప్పారో రాయాలంటే ఇంకో జవాబు అవుతుంది. అక్కడ ఒక గుమస్తా కూడా "శ్రీలంకలోనా?" అన్నాడు.

2019లో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం కట్టాక అమ్మను తీసుకెళ్ళాను. గోడ మీద తమ్ముడి పేరు దొరికింది. నేను ఫోటో తీస్తుంటే అమ్మ కొంగుతో ఆ అక్షరాల మీద దుమ్ము తుడుస్తోంది. అక్కడ దుమ్మేం లేదు.

పెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది, దుప్పట్లు పెట్టుకుంటాం. కిందటేడు ఇంటికి రంగులేయడానికి వచ్చిన కుర్రాడు పనిలో పనిగా దానికీ ఒక కోటింగ్ వేస్తానన్నాడు. పక్కలకు వెయ్యి, మూత జోలికి రాకు అన్నాను.