లా రాంబ్లాలో నడవబోయే మేనకోడలికి

చి. సౌ. లావణ్యకు,

మావయ్య ఆశీస్సులు. మొబైల్ సదస్సుకు మీ కంపెనీవారు నిన్ను బార్సిలోనా పంపుతున్నారనీ, అక్కయ్యను కూడా వెంట తీసుకువెళ్తున్నావనీ తెలిసి సంతోషించాను. లా రాంబ్లా ఎలా చూడాలో రాయమని అడిగావు. ఉద్యోగరీత్యా నేను ఆ ఊళ్లో ఉన్న కాలంలో మనవైపు నుంచి వచ్చిన చాలామందిని ఆ వీధికి తీసుకువెళ్లాను. వారిలో ఎక్కువమంది ఈ చివరి నుంచి ఆ చివరకు అరగంటలో నడిచేసి, నాలుగు ఫొటోలు తీసుకుని, "ఇంతేనా?" అన్నవారే. వారిని తప్పుపట్టలేము. దాని పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు మాత్రమే. నిటారుగా నడిచిపోతే కనిపించేది జనమూ, ఫ్రిజ్‌కు అతికించే అయస్కాంత బొమ్మలు అమ్మే అంగళ్లూ. ఆ వీధిని చూడటమంటే పదడుగులకోసారి దాన్ని విడిచి పక్క సందులోకి తిరిగి, అక్కడ చూడవలసింది చూసి, మళ్లీ వచ్చి దానిలో కలవడమే.

ముందుగా రోజు సంగతి చూసుకో. సదస్సు సోమవారం మొదలై గురువారంతో ముగుస్తుంది కనుక ఆదివారం దిగి, ఆ సాయంత్రమే రాంబ్లా చూసేద్దామని మీకు అనిపిస్తుంది. ఆదివారం బొకెరియా మార్కెట్ మూసి ఉంటుంది; సోమవారం ప్రసిద్ధ వాస్తుశిల్పి గౌదీ కట్టిన గుయెల్ భవనం తెరవరు. అందువల్ల తిరుగు ప్రయాణాన్ని శనివారానికి జరుపుకుని, శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకల్లా వీధి పై చివరనున్న ప్లాసా కతలూన్యా కూడలి దగ్గర ఉండండి. అక్కడి నుంచి సముద్రం వైపు నేల కొద్దిగా వాలుగా ఉంటుంది కాబట్టి అక్కయ్య మోకాళ్లకూ అదే మేలు. దారి పొడవునా మెట్రో మూడో లైను స్టేషన్లు మూడున్నాయి: కతలూన్యా, లిసేయు, ద్రసానెస్. అలసట అనిపించిన చోటే మెట్రో ఎక్కేయవచ్చు. ఇంకొక మాట: ఆ కూడలిలోని ఎల్ కోర్తె ఇంగ్లేస్ అనే పెద్ద బజారు తెరిచి ఉంటే అందులోని మరుగుదొడ్డి వాడుకుని బయలుదేరడం మంచిది, దారిలో అటువంటి సౌకర్యం తేలికగా దొరకదు.

మొదట్లోనే ఎడమవైపునో కుడివైపునో చూసుకుంటూ పోక, కనలేతెస్ అనే ఇనుప కుళాయి దగ్గర ఆగండి. నాలుగు గొట్టాలతో, పైన దీపాలతో ఉంటుంది. ఆ నీళ్లు తాగినవారు మళ్లీ ఆ ఊరు వస్తారని అక్కడివారి నమ్మకం. బార్సిలోనా ఫుట్‌బాల్ జట్టు గెలిచినప్పుడు అభిమానులు ఇక్కడే గుమికూడతారు. 1930లలో ఆ ఎదుట ఒక పత్రిక కార్యాలయం ఉండి, ఆట ఫలితాలను బయట పలకమీద రాసి పెట్టేవారట, ఆ అలవాటే నిలిచిపోయింది.

ఈ వీధి ఒకప్పుడు వానాకాలపు వాగు. దాని ఒడ్డునే నగరపు కోటగోడ ఉండేది, గోడ అవతల సన్యాసుల మఠాలు లేచాయి. 1835లో జనం తిరగబడి ఆ మఠాలను తగలబెట్టారు. ఖాళీ అయిన ఆ స్థలాల్లోనే నేడు మీరు చూడబోయేవన్నీ ఉన్నాయి: జోసెఫ్ మఠం ఉన్న చోట బొకెరియా మార్కెట్, త్రినితేరియన్ల మఠం ఉన్న చోట లిసేయు సంగీత నాటకశాల, కపుచిన్ల మఠం ఉన్న చోట ప్లాసా రెయాల్. ఇది మనసులో ఉంచుకుని నడిస్తే, ఇరుకు సందుల మధ్య అంత విశాలమైన చదరాలు ఎలా వచ్చాయో అర్థమవుతుంది.

బొకెరియాకు పది గంటలలోపు చేరాలి. ఆ తరువాత అది పర్యాటకులది. 1840లో మొదలైన మార్కెట్, పైనున్న ఇనుప కప్పు 1914 నాటిది. ద్వారం దగ్గర కోసిన పండ్లూ రంగురంగుల రసాలూ ప్లాస్టిక్ గ్లాసుల్లో వరుసగా పెట్టి ఉంటాయి. అక్కడ కొనవద్దు, నాలుగు వరుసలు లోపలికి వెళ్లండి. మధ్యలో గుండ్రంగా చేపల అంగళ్లు ఉంటాయి. మంచు గుట్టల మీద పీతలు ఇంకా కాళ్లాడిస్తూ ఉంటాయి, అమ్మే ఆడవాళ్లు రబ్బరు బూట్లతో నిలబడి పొడుగు కత్తితో పొలుసు గీకుతూనే బేరం చెబుతారు. పైన పంది తొడలు వేలాడదీసి ఉంటాయి, అక్కయ్యకు ముందే చెప్పి ఉంచు. పుట్టగొడుగులు, ఎండుమిరప దండలు, ఆలివ్‌లు అమ్మే పక్క వరుసలు ఆమెకు నచ్చుతాయి.

మార్కెట్ వెనకవైపు నుంచి బయటపడి రెండు నిమిషాలు నడిస్తే 1401లో మొదలుపెట్టిన పాత సాంత క్రేవ్ ఆసుపత్రి ప్రాంగణం వస్తుంది. రాతి తోరణాలు, నారింజ చెట్లు, చదువుకునే పిల్లలు. ఇప్పుడది కతలూన్యా గ్రంథాలయం. ట్రామ్ ఢీకొన్న గౌదీ 1926లో కన్నుమూసింది ఈ ఆసుపత్రిలోనే. రాంబ్లాలో లక్షలమంది నడుస్తున్నా ఇక్కడికి వచ్చేవారు తక్కువ. అక్కయ్యను అరగంట కూర్చోబెట్టు.

తిరిగి వీధిలోకి వచ్చాక కిందికి చూస్తూ నడవండి. లిసేయు స్టేషన్ దగ్గర, నడకదారి మధ్యలో, చిత్రకారుడు జోన్ మీరో 1976లో చేసిన వృత్తాకారపు పలకల చిత్రం ఉంది. ఎరుపు, పసుపు, నీలం రంగులు. దానిమీదనే నడిచిపోతారు అందరూ. మీరో పుట్టింది కూడా ఆ దగ్గరి సందులోనే. 2017 ఆగస్టు 17న ఉగ్రవాద దాడిలో వీధి పై చివర నుంచి జనం మీదికి దూసుకొచ్చిన వ్యాను ఆగినది కూడా ఈ చిత్రం మీదే. మృతుల స్మృతిగా నేలలో పలక ఉంది. ఇక ఎదుట తల ఎత్తితే ఒక ఇంటి మూలన గొడుగూ లాంతరూ పట్టుకున్న చైనా డ్రాగన్ కనిపిస్తుంది, 1883 నాటి ఆ ఇల్లు ఒకప్పుడు గొడుగుల దుకాణం. ఫిబ్రవరి చివరలో చెట్లకు ఆకులుండవు కాబట్టి ఇళ్ల ముఖభాగాలు స్పష్టంగా కనిపించడం మీ అదృష్టం.

లిసేయు 1847లో తెరుచుకున్నది, 1994లో కాలిపోయి 1999లో మళ్లీ తెరిచారు. అగ్నికి దక్కకుండా మిగిలినవాటిలో అద్దాల హాలు ఒకటి. సంగీతం మీద ఆసక్తి లేకపోతే బయటి నుంచే చాలు. గుయెల్ భవనానికి మాత్రం టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. ముందుగా అడుగున ఉన్న గుర్రపుశాలకు దిగండి, ఇటుకలతో కట్టిన మందపాటి స్తంభాలు గొడుగుల్లా విచ్చుకుని కప్పును మోస్తాయి. తరువాత మేడమీదికి, పగిలిన పలకలు అతికించిన రంగుల పొగగొట్టాల దగ్గరికి. నా లెక్కలో గౌదీ కట్టడాల్లో జనం తోపులాట లేకుండా నెమ్మదిగా చూడగలిగేది ఇదే. ఎదురుగా ప్లాసా రెయాల్‌లో ఆయన యువకుడిగా ఉన్నప్పుడు, 1879లో, రూపొందించిన దీపస్తంభాలు రెండున్నాయి, వెళ్తూ చూడండి.

భోజనం రాంబ్లా మీద వేసిన బల్లల దగ్గర చేయవద్దు. బొమ్మల మెనూ పెట్టి పిలిచే చోట ధరే గాని రుచి ఉండదు. మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక ఏదైనా పక్క సందులో "మెను దెల్ దియా" (ఆ రోటి భోజనం) అని రాసిన చోటికి వెళ్లండి. శాకాహారమని చెబితే అక్కడ పంది మాంసపు ముక్కలు వేసిన కూరను కూడా తెచ్చిపెడతారు, కనుక "సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో" (మాంసం వద్దు, పంది తొడ వద్దు, చేప వద్దు) అని మూడూ విడివిడిగా చెప్పు. కాల్చిన వంకాయ, మిరప కలిపిన ఎస్కలివాద, టమాటా రుద్దిన రొట్టె అన్నిచోట్లా దొరుకుతాయి. ఆ రోజుల్లోనే కల్సోట్స్ అనే పొడుగు ఉల్లికాడల కాలం. నల్లగా కాల్చి తెస్తారు, పైపొర ఒలిచి రొమెస్కోలో ముంచి తల ఎత్తి నోట్లో వేసుకోవాలి. రొమెస్కో బాదం, ఎండుమిరప, టమాటా నూరిన రోటిపచ్చడి వంటిదే, అక్కయ్య ఇష్టంగా తింటుంది. సాయంత్రం పెత్రిచోల్ సందులో గరిటెజారుగా ఉండే చిక్కటి వేడి చాక్లెట్ తాగించు.

జేబుదొంగల సంగతి తేలికగా తీసుకోవద్దు. పాస్‌పోర్టులు హోటల్ లాకర్లోనే ఉంచి, నకళ్లు మాత్రం వెంట తీసుకెళ్లండి. బల్లమీద ఫోను పెట్టకూడదు. మ్యాపో కాగితమో పరిచి ఏదో అడిగేవారు దానికిందనుంచే ఫోను లాగేస్తారు. భుజంమీద మరక పడిందని తుడవటానికి వచ్చేవారిని దగ్గరికి రానివ్వవద్దు. మూడు మూతల కింద గోళీ దాచే ఆటలో గెలుస్తున్నట్టు కనిపించేవారు వారి మనుషులే. అక్కయ్య మెడలో గొలుసు లోపలికి వేసుకోమను. ఏదైనా పోతే నోవు దె లా రాంబ్లా వీధిలో పోలీసు స్టేషన్ ఉంది, అత్యవసరానికి 112.

కింది భాగంలో విగ్రహాల్లా కదలకుండా నిలబడే కళాకారులుంటారు, ఫొటో తీస్తే చిల్లర వేయడం మర్యాద. 1888 నాటి కొలంబస్ స్తంభం దూరం నుంచి చూస్తే సరిపోతుంది. 2022లో మొదలైన వీధి మరమ్మతుల కంచెలు అక్కడక్కడా అడ్డుపడితే పక్క కాలిబాట పట్టండి.

రైలు టికెట్లలో టీ-కజువాల్ ఒక్కరికే చెల్లుతుంది, ఇద్దరు వాడలేరు. మీ ఇద్దరికీ కలిపి ఎనిమిది ప్రయాణాల టీ-ఫమిలియార్ కొనండి. విమానాశ్రయపు మెట్రో స్టేషన్లలో మాత్రం అది చెల్లదు, అక్కడికి వేరే టికెట్ తీసుకోవాలి.

ఇట్లు,
మీ మావయ్య