క్రిమినల్ జస్టిస్ చదవబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

అమెరికాలో క్రిమినల్ జస్టిస్ బ్యాచిలర్స్‌లో సీటొచ్చిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

నీ మనసులో ఉన్నది ల్యాబ్ అయితే, ఫీజు కట్టకముందే ఆగు. డీఎన్‌ఏ పరీక్షలు చేసే ఉద్యోగానికి బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్ చదివి ఉండాలి. క్రిమినల్ జస్టిస్ అన్నది సోషల్ సైన్స్. పోలీసులు, కోర్టులు, జైళ్ళు ఎలా పనిచేస్తాయి, ఎక్కడ తడబడతాయి అన్నదే ఇందులో చదువు. లాయరు కావడానికి కూడా ఇదే చదవాలని లేదు, ఏ డిగ్రీ ఉన్నా లా స్కూల్లో చేరొచ్చు. ఎఫ్‌బీఐ ఏజెంట్ కావాలంటే అమెరికా పౌరసత్వం ఉండాల్సిందే. నువ్వు వెళ్ళేది ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద కాబట్టి ఇంకో సంగతి: మామూలు క్రిమినల్ జస్టిస్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ కోర్సుల జాబితాలో లేదు. అంటే చదువయ్యాక ఓపీటీ (అదే వీసా మీద చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసే అనుమతి) 12 నెలలే, ఆ పైన 24 నెలల పొడిగింపు రాదు. ఫోరెన్సిక్ సైన్స్, సైబర్ ఫోరెన్సిక్స్ పేర్లతో ఉన్న ప్రోగ్రాములకు మాత్రం ఉంది. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో నీ ప్రోగ్రాముకి ఏ కోడ్ వేశారో చూసుకో.

డిగ్రీ మొత్తం సాధారణంగా 120 క్రెడిట్లు, అంటే మూడు క్రెడిట్ల కోర్సులు నలభై. మేజర్‌కి పోయేది దాదాపు మూడో వంతే. మిగిలినదాంట్లో స్టాటిస్టిక్సో, అకౌంటింగో, స్పానిషో మైనర్‌గా (రెండో సబ్జెక్టుగా) పట్టు. రిసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్ రెండో ఏడాదిలోనే ముగించెయ్. లెక్కలంటే భయపడి వీటిని చివరి ఏడాదికి నెట్టేవాళ్ళు చాలామంది. అప్పుడు క్యాప్‌స్టోన్ పేపరూ (డిగ్రీ చివర రాసే పరిశోధన పేపరు), దానికి కావలసిన విద్యా ఒకే సెమిస్టర్లో మీద పడతాయి.

ఈ సబ్జెక్టులో అంకె కనిపించగానే, ఎవరు లెక్కపెట్టారు, దేన్ని వదిలేశారు అని అడగడం అలవాటు చేసుకో. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1930 నుంచి పోలీసుల దగ్గర నమోదైన నేరాల లెక్కలు సేకరిస్తోంది. పాత పద్ధతిలో ఒకే సంఘటనలో దోపిడీ, హత్య రెండూ జరిగితే హత్య ఒక్కటే లెక్కలోకి వచ్చేది. ఇప్పటి నైబ్రస్ (సంఘటనలవారీగా నేరాలు నమోదు చేసే) పద్ధతిలో ఒక సంఘటనకు పది నేరాల దాకా రాయొచ్చు. 2021లో పూర్తిగా నైబ్రస్‌కి మారినప్పుడు న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి పెద్ద నగరాల పోలీసుల లెక్కలే అందలేదు. కాబట్టి ఆ ఏడాది అంకెని పక్క ఏడాదులతో కలిపి గీత గీస్తే పేపర్ చెడినట్టే. రేప్ నిర్వచనం కూడా 2013 లెక్కల నుంచి మారింది. అక్కడ గ్రాఫ్ ఎగబాకితే నేరం పెరిగిందని తీర్మానించకు.

1973లో మొదలైన బాధితుల సర్వే, అంటే మీకేమైనా నేరం జరిగిందా అని జనాన్నే అడిగే సర్వే, ఇంకో దారి. పోలీసులకు చెప్పని నేరాలు కూడా అందులో దొరుకుతాయి. కానీ 12 ఏళ్ళు నిండినవాళ్ళనే అడుగుతారు, హత్యలు అందులో ఉండవు, చనిపోయినవాళ్ళని అడగలేరు గదా. ఎఫ్‌బీఐ రేటు లక్ష మందికి, సర్వే రేటు వెయ్యి మందికి. రెండూ ఒకే పట్టికలో పెట్టి పోల్చేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. చిన్న ఊళ్ళ రేట్లతోనూ జాగ్రత్త. రెండు వేల జనాభాలో ఒక్క హత్య జరిగితే రేటు లక్షకు 50 అవుతుంది, ఊరు నరకంలా కనిపిస్తుంది.

క్లాసులో రాసే కేసు బ్రీఫ్, అంటే ఒక తీర్పు సారాంశం, ఒక పేజీ దాటకూడదు: వాస్తవాలు, కేసు ఏ కోర్టు నుంచి ఎలా వచ్చింది, ప్రశ్న, తీర్పు, కారణాలు, భిన్నాభిప్రాయం. అమెరికా సుప్రీంకోర్టు తీర్పు టెర్రీ వర్సెస్ ఒహాయో, 1968 తీసుకో. క్లీవ్‌లాండ్‌లో ఒక డిటెక్టివ్, ఇద్దరు మనుషులు ఒకే షాపు అద్దంలోకి మళ్ళీ మళ్ళీ తొంగి చూడటం గమనించి, ఆపి, పైబట్టల మీద తడిమితే తుపాకులు దొరికాయి. "అనుమానం వస్తే పోలీసులు సోదా చేయొచ్చు" అని రాస్తే మార్కులు పోతాయి. కోర్టు ఒప్పుకున్నది రెండు వేరు వేరు మెట్లు. నేరం జరగబోతోందనిపించేలా వివరించగలిగే వాస్తవాలుంటే కాసేపు ఆపొచ్చు. ఆ మనిషి దగ్గర ఆయుధం ఉండి ప్రమాదం ఉందనిపించే కారణముంటే, ఆయుధం కోసం మాత్రమే పైపైన తడమొచ్చు. అదే కోర్టు మిరాండా తీర్పు (1966) కూడా అంతే. అరెస్టు చేయగానే మౌనంగా ఉండే, లాయరుని పెట్టుకునే హక్కులు చదివి వినిపించకపోతే కేసు కొట్టేస్తారనుకుంటారు. ఆ హెచ్చరిక కావలసింది నిర్బంధంలో ఉంచి ప్రశ్నించేటప్పుడు, అది లేకపోతే పోయేది మామూలుగా ఆ వాంగ్మూలం, కేసు కాదు.

పరిశోధనల్ని కూడా ఇలాగే బిగించి చదువు. 1972-73లో కాన్సస్ సిటీలో 15 బీట్లని (పోలీసులు గస్తీ తిరిగే ప్రాంతాల్ని) మూడు భాగాలు చేశారు. ఐదింటిలో మామూలు గస్తీ ఆపేశారు, ఐదింటిలో యథాప్రకారం ఉంచారు, ఐదింటిలో రెండు మూడు రెట్లు పెంచారు. నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పోలీసులు దండగ అని దీని అర్థం కాదు. గస్తీ ఆపిన బీట్లలోనూ ఎవరైనా ఫోన్ చేస్తే కార్లు వెళ్ళాయి. పరీక్షించింది ఊరికే తిరిగే గస్తీని.

రిపోర్టులు రాసే కోర్సు ఉంటే వదలకు. "అతను కంగారుగా ఉన్నాడు" అన్నది నీ అభిప్రాయం. "చేతులు వణికాయి, పేరు అడిగితే రెండు సార్లు వేరు వేరుగా చెప్పాడు" అన్నది రిపోర్టు. కాలక్రమంలో రాయి, విన్నదాన్ని ఎవరు చెప్పారో రాయి.

ఇంటర్న్‌షిప్‌కి ఒక సెమిస్టర్ ముందే అప్లై చెయ్. నేపథ్య విచారణకే వారాలు, ఒక్కోచోట నెలలు పడుతుంది. ఫారంలో పాత తప్పు రాస్తే బతికి బయటపడొచ్చు, దాచి దొరికితే ఆ ఆఫీసు తలుపు మూసుకున్నట్టే. జీతం లేకపోయినా సరే, ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుని అడుగు. సీపీటీ (చదువుతుండగానే చేసే ఇంటర్న్‌షిప్‌కి అనుమతి) అయితే ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు, అనుమతి పడిన ఐ-20 చేతికొచ్చాకే మొదటి రోజు వెళ్ళాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలకు చేరితే ఆ డిగ్రీకి ఓపీటీ పోతుంది. ఇంటర్న్‌షిప్‌లో రాసే డైరీలో ఖైదీల పేర్లు, కేసు నంబర్లు ఉండకూడదు.

క్యాప్‌స్టోన్‌కి ఖైదీల ఇంటర్వ్యూలు చేస్తానని ఉత్సాహపడకు. పరిశోధన నియమాల్లో ఖైదీలకు ప్రత్యేక రక్షణ ఉంది, యూనివర్సిటీ రివ్యూ బోర్డు అనుమతి ఒక సెమిస్టర్లో రావడం కష్టం. మిషిగన్ యూనివర్సిటీలో నేర న్యాయ డేటా భాండాగారం ఉంది, బాధితుల సర్వే ఫైళ్ళు అక్కడ దొరుకుతాయి. ఫైలు తెరవకముందు కోడ్‌బుక్ (ఏ అంకెకి ఏ అర్థమో చెప్పే పుస్తకం) చదువు. ఇలాంటి ఫైళ్ళలో వయసు గడిలో 99 ఉంటే, అది చాలాసార్లు జవాబు రాలేదని గుర్తే. సగటు తీసేముందు వాటిని పక్కన పెట్టు.

మావయ్య