పిల్లల రెస్టింగ్ స్టేట్ స్కాన్లు ఏళ్ల తరబడి తీయాలంటే ముందు తల కదలిక సంగతి తేల్చుకోండి

ఆరేళ్ల పిల్లల్ని పదేళ్లొచ్చేదాకా ఏటా స్కాన్ చేస్తే, ఏ పనీ చెప్పకుండా ఊరికే పడుకోబెట్టి (దీన్నే రెస్టింగ్ స్టేట్ అంటారు) తీసిన ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడు పనిచేసే తీరుని చూపే స్కాన్)లో మెదడు ఎదుగుదల కనిపిస్తుందా అని అడిగారు. కనిపిస్తుంది. ఇలాంటి ప్రాజెక్టులో పిల్లల్ని స్కానర్‌లో పడుకోబెట్టే పనీ, తర్వాత ఆ డేటా క్లీన్ చేసే పనీ రెండూ చేశాను కాబట్టి చెప్తున్నా, మీకు అన్నిటికంటే పెద్ద చిక్కు తల కదలికే.

ఎందుకంటే చిన్నపిల్లలు ఎక్కువ కదుల్తారు, పెద్దయ్యేకొద్దీ తగ్గుతుంది. తల కదిలితే మెదడులో దగ్గరదగ్గరి భాగాల మధ్య కనెక్టివిటీ (అవి ఎంతగా కలిసి పనిచేస్తున్నాయన్నది) ఉన్నదానికంటే ఎక్కువగా, దూరంగా ఉన్నవాటి మధ్య తక్కువగా కనిపిస్తుంది. వయసుతో పాటు దగ్గరి లింకులు తగ్గి దూరపు లింకులు బలపడతాయని 2007, 2009ల్లో వచ్చిన పేపర్లు చెప్పింది కూడా అచ్చం ఇదే ప్యాటర్న్. 2012లో మూడు టీములు విడివిడిగా ఈ సంగతి బయటపెట్టాక ఫీల్డ్ మొత్తం వెనక్కి తిరిగి చూసుకోవాల్సొచ్చింది. కదలిక సరిచేశాక ఆ ఎఫెక్ట్ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, అందుకే ఈ పని ఇంకా చెయ్యదగ్గదే అంటాను.

కదలిక అంటే పెద్దగా ఏం కాదు, స్కానర్ వరసగా తీసే మెదడు బొమ్మల్లో (వాటినే ఫ్రేములు అంటాం) ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ మధ్య 0.2 మిల్లీమీటర్లు దాటితే ఆ ఫ్రేమ్ తీసేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లాడు కాలు ఊపినా తల కదుల్తుంది. మైక్‌లో "బాగానే ఉందా కన్నా?" అంటే తలూపేస్తారు! అందుకే మేం ముందే మాక్ స్కానర్‌లో (అలవాటు కోసం పెట్టే నకిలీ స్కానర్) పడుకోబెట్టి, ఆ చప్పుడు వినిపించి, జవాబు చెప్పాలంటే చేతిలో బటన్ నొక్కమని అలవాటు చేసేవాళ్లం. ఆ ప్రాక్టీసుకి టైమ్ కేటాయించండి ప్లీజ్, దాన్ని మించిన సాఫ్ట్‌వేర్ లేదు. స్కాన్ కూడా ఐదు నిమిషాలతో సరిపెట్టొద్దు, అమెరికాలో 11 వేలమందికి పైగా పిల్లలతో మెదడు ఎదుగుదల మీద నడుస్తున్న ఏబీసీడీ స్టడీలో ఐదేసి నిమిషాల చొప్పున నాలుగు సార్లు, మొత్తం 20 నిమిషాలు తీస్తారు.

ఇంకోటి, కళ్లు తెరిచి ప్లస్ గుర్తు చూడమంటారా, మూసుకోమంటారా, కదిలే బొమ్మలేవైనా చూపిస్తారా అన్నది మొదటి ఏడాదే ఫిక్స్ చేసి చివరిదాకా అదే ఉంచండి, మధ్యలో మారిస్తే వచ్చిన తేడా వయసుదో దానిదో చెప్పలేం. స్కానర్ అప్‌గ్రేడ్ కూడా అంతే. అది ఎప్పుడుందో మీ ఇమేజింగ్ సెంటర్‌లో ఇప్పుడే కనుక్కోండి, తప్పదంటే కొంతమందిని అప్‌గ్రేడ్‌కి ముందూ తర్వాతా వెంటవెంటనే స్కాన్ చేసి పెట్టుకోండి. పిల్లలందరినీ ఒకే వయసులో మొదలుపెట్టకుండా ఆరు, ఏడు, ఎనిమిదేళ్ల వాళ్లని కలిపి తీసుకుంటే వయసూ క్యాలెండర్ సంవత్సరమూ ఒకదాంతో ఒకటి ముడిపడిపోవు.

చివరగా నన్ను బాగా బాధపెట్టే విషయం, ఎక్కువ కదిలారని తీసేసిన స్కాన్లలో ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం ఉండే సమస్య) ఉన్న పిల్లలవే ఎక్కువ ఉంటాయి. అలా ఏటా తీసేస్తూ పోతే మీ దగ్గర మిగిలేది నిమ్మళంగా పడుకోగలిగిన పిల్లలే, అప్పుడు మీరు గీసే ఎదుగుదల గ్రాఫ్ వాళ్లదే అవుతుంది. ఎవరు ఎందుకు బయటికెళ్లారో మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోండి, వీలైతే అదే రోజు మళ్లీ ఒకసారి ట్రై చేసే స్లాట్ ఉంచండి. కాసేపు రెస్ట్ ఇచ్చి మళ్లీ పంపితే చాలామంది చక్కగా పడుకుంటారు.