ఒకరికి సంతకం, ఒకరికి మొండిచెయ్యి

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. మావారికి చిన్న హార్డ్‌వేర్ షాపు ఉంది. రెండు వైపుల బంధువుల్లోనూ ఒకటో తారీఖున జీతం పడేది నాకొక్కదానికే. అందుకే షూరిటీ కావాలన్నా, చేబదులు కావాలన్నా అందరూ నా దగ్గరికే వస్తారు. మా ఆడపడుచు భర్త చీటీ పాడుకుంటే షూరిటీ సంతకం పెట్టాను. ఆయన వాయిదాలు ఆపేశారు, నోటీసు మా స్కూలుకొచ్చింది. నేను ఆ కోపంలో ఉండగా మా తమ్ముడు భార్య ఆపరేషన్‌కి 50 వేలు అడిగితే లేవన్నాను. నెల తిరక్కుండా మా తోడికోడలు కూతురి ఫీజుకని అత్తయ్య ముందే అడిగింది. కాదనలేక 40 వేలు ఇచ్చేశాను. అది తెలిసి మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఇప్పుడు మా మరిది ట్రాలీ ఆటో కొనడానికి 4 లక్షల ఫైనాన్స్‌కి షూరిటీ ఉండమంటున్నాడు. మావారేమో ‘నీ ఇష్టం’ అంటున్నారు. ఏం చెయ్యను? – ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు తీసుకున్న మూడు నిర్ణయాల్లో మొదటిది మొహమాటంతో జరిగింది, రెండోది కోపంలో, మూడోది అత్తగారి ఎదుట. అవసరం ఎంత, మీ తాహతు ఎంత అన్న లెక్క ఒక్కదాంట్లోనూ లేదు. అమ్మగారిని 50 వేలు ఇవ్వకపోవడం కన్నా, లేవన్న చేత్తోనే 40 వేలు బయటికి తీయడం ఎక్కువ నొప్పించి ఉంటుంది. మరిది విషయంలో అవునన్నా కాదన్నా, ఇదే పద్ధతిలో చెబితే ఇంకెవరో ఒకరు నొచ్చుకుంటారు.

అందుకని ముందు మీరూ మీవారూ కూర్చుని కొన్ని ప్రశ్నలు రాసి పెట్టుకోండి. డబ్బు అడిగినా సంతకం అడిగినా, పుట్టింటివాళ్లయినా అత్తింటివాళ్లయినా, అవే ప్రశ్నలు వేసుకోవాలి. నాలుగు చాలు. పాతిక రాసుకుంటే ఆ కాగితం బీరువాలోనే ఉండిపోతుంది. కూర తరుగుతూ గుర్తుచేసుకోగలిగినన్నే పనికొస్తాయి.

మొదటి ప్రశ్న: ఈ మొత్తం తిరిగి రాకపోతే, లేదా వాయిదాలన్నీ నేనే కట్టాల్సొస్తే, మా ఇంట్లో ఏది ఆగిపోతుంది? షూరిటీ అంటే సాక్షి సంతకం లాంటిదేనని చాలామంది అనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్న మనిషికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే. ముందు అతన్ని అడిగి ఆ తర్వాత నా దగ్గరికి రండి అనడానికి లేదు. మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులోనూ ఆ అప్పు కనిపిస్తుంది. రేపు మీ పిల్లల చదువుకు మీరే లోన్‌కి వెళ్తే దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. వ్యవహారం కోర్టు డిక్రీ (డబ్బు కట్టమన్న తీర్పు) దాకా వెళ్తే, జీతంలో మొదటి 1,000 రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ వదిలేసి తక్కింది జప్తు చేసే వీలుంది. ఒక డిక్రీ కింద అది 24 నెలల దాకా సాగొచ్చు. ఇక మరిది లెక్క చూడండి. 4 లక్షలకు 12 శాతం వడ్డీ, నాలుగేళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 10,500. చీటీ బకాయి కట్టాక మీ జీతంలో అంత మిగులుతుందా? మిగలకపోతే మిగతా ప్రశ్నల దాకా పోనక్కర్లేదు.

రెండోది: ఈ అవసరం ఆగుతుందా, ఆగదా? ఆపరేషన్ ఆగదు. కాలేజీ ఫీజుకు ఒక్కోసారి గడువు అడగొచ్చు. ఆటో వచ్చే సీజన్‌కైనా కొనుక్కోవచ్చు. మూడోది: వాళ్లు తమ వంతుగా ఏం పెడుతున్నారు? ఆటో ఖరీదులో మరిది చేతి డబ్బు ఎంత, కిరాయిలు ఎవరిస్తామన్నారు, ఇప్పటికే ఏమైనా అప్పులున్నాయా? ఇవి అడగడం అవమానించడం కాదు. ఫైనాన్స్‌వాళ్లు అడిగితే చెబుతాడుగా, వదినకూ చెప్పొచ్చు.

నాలుగోది కాస్త గుచ్చుకుంటుంది. ఇదే మాట అటువైపు నుంచి వచ్చుంటే ఇదే జవాబు చెప్పేదాన్నా? మరిది స్థానంలో తమ్ముణ్ణి, తోడికోడలి స్థానంలో మరదల్ని నిలబెట్టి చూసుకోండి. జవాబు మారిపోతుంటే, మీరు మనిషిని చూసి తేలుస్తున్నారన్నమాట.

‘వాళ్లేమనుకుంటారు?’ అన్నది ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. పిలవకపోయినా అది వస్తుంది, దానికి కుర్చీ కూడా వెయ్యాలా?

పాత వ్యవహారాలను వీటితో ఒకసారి సరిచూడండి. తమ్ముడి అవసరం రెండో ప్రశ్నకు నిలబడేది. మొదటి ప్రశ్న దగ్గర 50 వేలు బరువనిపిస్తే, తిరిగి రాకపోయినా ఇల్లు గడిచే 20 వేలో పాతిక వేలో ఇచ్చి, ఇంతే ఇవ్వగలనని చెప్పి ఉండొచ్చు. తోడికోడలికి ‘రెండ్రోజుల్లో చెబుతాను’ అనుంటే సరిపోయేది. ఇకపై అడిగింది ఎవరైనా, ఎవరి ముందైనా, ఆ మాటే మీ మొదటి జవాబు కావాలి. ఒకసారి అలవాటు పడితే ఎవరూ తప్పుపట్టరు. మొదటిసారి మాత్రం మొహాలు మాడతాయి.

ఈ ప్రశ్నలు శిలాశాసనమేం కావు. మార్చాలనిపిస్తే మార్చుకోండి, కానీ ఎవరో వచ్చి హాల్లో కూర్చుని ఉండగా మాత్రం వద్దు.

చీటీ సంగతి. బకాయి ఎంతో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఆడపడుచు భర్త తరఫున మీరు కట్టే ప్రతి రూపాయికీ రసీదు ఉంచండి. షూరిటీగా కట్టింది ఆయన నుంచి రాబట్టుకునే హక్కు అదే కాంట్రాక్టు చట్టం మీకిస్తుంది. బంధుత్వంలో కేసుల దాకా వెళ్లకపోవచ్చు. అయినా నెలకింత చొప్పున తీర్చేస్తానని ఆయన చేత కాగితం రాయించుకోవడంలో తప్పేమీ లేదు. అది తేలేదాకా కొత్తగా ఎవరికీ షూరిటీ సంతకం పెట్టనని ఇంట్లో అందరికీ ఒకేసారి చెప్పండి.

మీరిచ్చిన వివరాలను బట్టి మరిదికి జవాబు ‘కుదరదు’ అనే నాకనిపిస్తోంది. ఆ మాట మీవారి నోట రావాలి. ‘నీ ఇష్టం’ అని ఆయన పక్కకు తప్పుకుంటే, ఆయన తమ్ముడి దగ్గర మీరొక్కరే చెడ్డవారవుతారు. ప్రశ్నలు ఇద్దరూ కలిసి రాయమన్నది అందుకే. మరిదికి సాయం చేయాలని ఉంటే, తిరిగి రాకపోయినా ఫర్వాలేదనుకున్నంత డౌన్‌పేమెంట్‌కి ఇవ్వొచ్చు, సంతకం మాత్రం వద్దు.

ఒక్క సంగతి. నోటీసు గురించి రాశారు, ఫీజు గురించి రాశారు, అమ్మగారి అలక గురించి రాశారు. మీ మరదలికి ఆపరేషన్ అయిందో లేదో రాయలేదు. ఈ ఆదివారం వెళ్లి ఆమెను చూసి రండి. అమ్మగారితో మాటలు, తమ్ముడితో డబ్బు లెక్కలు ఆ తర్వాత.