డ్రాఫ్ట్‌లో పేరు రాని అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

నాన్నా,

ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగ్ టీములు కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, ఏడో రౌండ్ చివరి పేరు చదివేదాకా టీవీ ముందు నుంచి లేవలేదట నువ్వు. మీ అమ్మ చెప్పింది. 32 టీములు, ఏడు రౌండ్లు, 224 పేర్లు. అందులో నీది లేదు. ఆ రాత్రి ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయాను. అలాంటప్పుడు ఎవరు ఏం చెప్పినా చెవికెక్కదు. నాలుగు రోజులైంది కదా, ఇప్పుడు రాస్తున్నాను, నిదానంగా చదువు. పదకొండేళ్ళు కింది లీగుల్లో ఆడాను, ఇరవై ఏళ్ళకు పైగా కుర్రాళ్ళకు కోచింగ్ ఇచ్చాను. ఎన్‌హెచ్‌ఎల్ గుమ్మం దాకా వెళ్ళి లోపలికి పోయినవాళ్ళనీ, అక్కడే ఆగిపోయినవాళ్ళనీ దగ్గర నుంచి చూశాను. ఆ చూసిన దాంట్లోంచే నీకు ఈ నాలుగు మాటలు.

ముందుగా, నీకింకా 18 ఏళ్ళే. వచ్చే ఏడాది, ఆపై ఏడాది కూడా డ్రాఫ్ట్‌లో నిన్ను తీసుకోవచ్చు. అప్పటికీ ఎవరూ తీసుకోకపోతే నచ్చిన టీముతో నేరుగా సంతకం పెట్టుకోవచ్చు. మార్టిన్ సెయింట్ లూయీని ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎవరూ తీసుకోలేదు. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి, పొట్టివాడన్నారు. కాల్గరీ టీము 2000లో వదిలేసుకుంది. 2004లో అదే మనిషి లీగ్ మొత్తం మీద ఎక్కువ పాయింట్లు చేసి, అత్యుత్తమ ఆటగాడి ట్రోఫీ అందుకుని, టాంపా తరఫున లీగ్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. గోలీ (గోల్‌కీపర్) టిమ్ థామస్‌ని 1994లో 217వ పేరుగా తీసుకున్నారు. ఫిన్లాండ్, స్వీడన్, కింది లీగులు అన్నీ తిరిగి, ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకునేసరికి 31 ఏళ్ళు నిండాయి. 2011లో బోస్టన్ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో (కప్ కోసం ఆడే చివరి దశ మ్యాచ్‌ల్లో) ఉత్తమ ఆటగాడు అతనే. వీళ్ళలా నువ్వూ అయిపోతావని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ 18 ఏళ్ళ పిల్లాడిని చూసి స్కౌట్, అంటే టీము కోసం ఆటగాళ్ళని వెతికేవాడు, చెప్పేది ఒక అంచనా మాత్రమే. నీ ఎముకలే ఇంకా ఎదుగుతున్నాయి.

వచ్చే సీజన్ ఎక్కడ ఆడాలన్నది అసలు ప్రశ్న. మా రోజుల్లో కెనడా మేజర్ జూనియర్‌లో, అంటే అక్కడి కుర్రాళ్ళ పైస్థాయి లీగుల్లో, ఒక్క మ్యాచ్ ఆడినా అమెరికా కాలేజీ హాకీ దారి మూసుకుపోయేది. 2025 ఆగస్టు నుంచి ఆ అడ్డం తొలగిపోయింది. కాబట్టి ఇది నీకు జీవితాంతం కట్టుబడే నిర్ణయమని టెన్షన్ పడకు. జూనియర్‌లో సీజన్‌కి 60కి పైగా మ్యాచ్‌లు, ప్రొఫెషనల్ బతుకు ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. కాలేజీలో దాదాపు సగమే, అవీ ఎక్కువగా శుక్ర, శనివారాల్లో. మిగతా రోజులు జిమ్‌కీ ప్రాక్టీసుకీ మిగులుతాయి. నన్నడిగితే ఒక ఏడాది జూనియర్‌లోనే ఉండి, ఆ తర్వాత కాలేజీకి వెళ్ళు. నీ నడుము కింద ఇంకా బలం చాలదు. బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడల) దగ్గర పెద్దవాళ్ళు నిన్ను తేలిగ్గా పక్కకు నెట్టేస్తున్నారు. రెండు వేసవులు గట్టిగా బరువులెత్తితే అది సర్దుకుంటుంది. కోచ్ ఫోన్ చేసినప్పుడు డ్రెస్సింగ్ రూమ్ ఎంత బాగుందో అడగకు. పెనాల్టీ కిల్‌లో (పెనాల్టీ పడి మనవైపు మనిషి తగ్గినప్పుడు) నన్ను దించుతారా, ఎప్పటి నుంచి అని అడుగు.

ఎందుకంటే, నాన్నా, నేను చూసినంతలో కెరీర్ నిలదొక్కుకునేది అక్కడే. నా దగ్గర ఆడిన ఒక అబ్బాయి ఉండేవాడు. జూనియర్‌లో గోల్ మీద గోల్ కొట్టాడు. పైకి వెళ్ళాక మొదటి మూడు వారాలు సూట్ వేసుకుని పై వరసలో కూర్చుని మ్యాచ్ చూడటమే సరిపోయింది. ఏ టీములోనైనా గోల్స్ కొట్టే చోట్లు ఆరో ఏడో ఉంటాయి, అవి అప్పటికే నిండిపోయి ఉంటాయి. ఖాళీ అయ్యేవి నాలుగో లైన్‌లో, అంటే అందరికన్నా తక్కువసేపు దిగే ముగ్గురు ఫార్వర్డ్ల గుంపులో, చోట్లు. అక్కడ మ్యాచ్ మొత్తానికి పది నిమిషాలు ఆడిస్తే గొప్ప. ఒకసారి గాయాల వల్ల మనుషులు తగ్గి, అతన్ని పెనాల్టీ కిల్‌కి దించారు. మన గోల్ పక్కనున్న సర్కిల్లోనే ఫేస్ ఆఫ్, అంటే ఇద్దరి మధ్య పక్ (ఆటలో వాడే రబ్బరు బిళ్ళ) వేసి ఆట మొదలుపెట్టడం. పక్ గెలవలేనని వాడికి ముందే తెలుసు, ఎదుటివాడు చేయి తిరిగినవాడు. అందుకని పక్ కోసం పోటీ పడకుండా ఎదుటివాడి స్టిక్ కింద తన స్టిక్ దూర్చి, భుజంతో అడ్డుకుని, స్కేట్‌తో పక్‌ని వెనక్కి తన్నాడు. వెనకనున్న డిఫెన్స్‌మన్ దాన్ని రింక్ అవతలి చివరికి కొట్టేశాడు. అంతే. స్కోరు పట్టీలో ఎక్కడా కనిపించదు. కానీ బెంచ్ మీద అసిస్టెంట్ కోచ్ కాగితం మీద ఏదో రాసుకోవడం నేను చూశాను. ఆ రోజు నుంచి వాడు లైనప్ బయటికి పోలేదు.

ఆ ఫేస్ ఆఫ్ పని ఈ వేసవిలోనే నేర్చుకో. మన గోల్ వైపు సర్కిల్లో స్టిక్ ముందు పెట్టాల్సింది నువ్వే, ఎదుటివాడు నీ స్టిక్ చూసుకుని తనది పెడతాడు. కాబట్టి వాడికి ఎప్పుడూ చిన్న లాభం ఉంటుంది. పక్ వైపు చూడకు, పక్ వేసే లైన్స్‌మన్ చేతి వైపు చూడు. స్టిక్ మీద కింది చెయ్యి బాగా కిందికి జార్చి పట్టుకో. రోజుకి యాభై ఫేస్ ఆఫ్‌లు, ఎవరో ఒకరితో పక్ వేయించుకుని. షిఫ్ట్ (బెంచ్ నుంచి దిగి మళ్ళీ వచ్చేదాకా ఆడే సమయం) విషయంలో కూడా ఒక మాట. 45 సెకన్లు దాటాక కాళ్ళు బరువెక్కుతాయి, అయినా ఇంకొక్క దాడి అని ఉండిపోతావు. మొన్న వీడియోలో మూడుసార్లు చూశాను. మన మీద గోల్ పడింది ఆ మూడోసారే. ఊపిరి ఉన్నప్పుడే బెంచ్‌కి వచ్చేవాడిని కోచ్ నమ్ముతాడు.

ఇంకో రెండు మూడేళ్ళకి కాంట్రాక్ట్ వస్తే అది టూ వే కాంట్రాక్టే అవుతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్న రోజులకి ఒక జీతం, దాని కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌లో ఉన్న రోజులకి వేరే జీతం. 2025-26 సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం 7,75,000 డాలర్లు. దాన్ని సీజన్ రోజులతో భాగిస్తే రోజుకి సుమారు 4 వేలు. వారం రోజులు పైకి పిలిస్తే చేతికొచ్చే డబ్బు చూసి చాలామంది కుర్రాళ్ళు అదే జీవితం అనుకుని కారు కొంటారు. ఎనిమిదో రోజు మళ్ళీ బస్సెక్కాలి. ఖర్చులు కింది జీతానికి సరిపోయేలా పెట్టుకో. పైన వచ్చింది పన్ను తీసేశాక అలాగే పక్కన పెట్టు.

ఏహెచ్‌ఎల్‌ని చిన్నచూపు చూడకు. ఇవాళ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడుతున్నవాళ్ళలో నూటికి దాదాపు 90 మంది అక్కడి నుంచి వచ్చినవాళ్ళే. సీజన్‌కి 72 మ్యాచ్‌లు. శుక్ర, శని, ఆదివారాలు వరసగా మూడు మ్యాచ్‌లు పడే వారాలుంటాయి. మూడో రోజు ఎవరికీ కాళ్ళలో సత్తువ ఉండదు, ఆ రోజు ఎలా ఆడతావన్నదే పైవాళ్ళు చూస్తారు. ఇంకో సంగతి కూడా తెలుసుకో. అక్కడ మ్యాచ్‌కి దిగే 18 మంది స్కేటర్లలో (గోలీలు కాని ఆటగాళ్ళలో) కనీసం 13 మంది అనుభవం తక్కువవాళ్ళే ఉండాలని నియమం. ఆ 13 మందిలో 12 మంది 260 ప్రొఫెషనల్ మ్యాచ్‌లు దాటనివాళ్ళు అయి ఉండాలి. అనుభవజ్ఞులకి మిగిలేవి ఐదు చోట్లే. మొదటి నాలుగేళ్ళు ఆ నియమం నిన్ను కాపాడుతుంది. తర్వాత అదే నిన్ను బయటికి నెడుతుంది. ఆ నాలుగేళ్ళలో ప్రతి సీజన్ లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు చెప్పేది మీ అమ్మకి కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నాకు 27 ఏళ్ళు. మూలలో పక్ తీయడానికి తల దించాను, ఎదుటివాడి భుజం వచ్చి చెంప మీద తగిలింది. లేచి బెంచ్‌కి వచ్చి కూర్చున్నాను. ఎదురుగా స్కోరుబోర్డు మీద అంకెలు ఒక్కొక్కటి రెండుగా కనిపిస్తున్నాయి. ట్రైనర్ వచ్చి ఇది ఎన్నో పీరియడ్ అని అడిగాడు. నాకు తెలీదు. పక్కవాడు గ్లవ్ తీసి తొడ మీద రెండు వేళ్ళు చూపించాడు. రెండోది అన్నాను. ట్రైనర్ వెళ్ళిపోయాడు. ఇంకో ఆరు షిఫ్టులు ఆడాను. ఆ నెలలో కాంట్రాక్ట్ మాటలు జరుగుతున్నాయి, అందుకని దాచాను. ఆ రాత్రి బస్సులో ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్ళలో సూదులు గుచ్చినట్టుండేవి, తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను. సీజన్ మొత్తం పోయింది. కాంట్రాక్ట్ రాలేదు, తర్వాత ఒక లీగ్ కిందికి దిగి ఆడాల్సి వచ్చింది. ఇప్పటికీ టీవీ వెలుతురు బాగా తగ్గించుకుని చూస్తాను, నువ్వు చాలాసార్లు ఎందుకని అడిగావు. ఇదే కారణం.

2011 జనవరిలో పిట్స్‌బర్గ్ టీము స్టార్ సిడ్నీ క్రాస్బీకి తలకు దెబ్బ తగిలితే నవంబరు దాకా మంచు మీద మ్యాచ్ ఆడలేదు. లక్షణాలు తిరిగొచ్చి మళ్ళీ మార్చి దాకా ఆగాడు. అప్పటికి అతనికి 23, 24 ఏళ్ళు, లీగ్‌లోనే అందరికన్నా ముందున్నాడు. ఆగాడు కాబట్టే 2016లో, 2017లో కప్‌లు ఎత్తగలిగాడు. తల తిరిగితే, వెలుతురు బాధపెడితే, నువ్వే చెయ్యెత్తి చెప్పు. ఏ కాంట్రాక్ట్ మాటలు జరుగుతున్నా సరే. మెడకి గార్డ్ కూడా మానకు. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లో మ్యాచ్ మధ్యలో స్కేట్ బ్లేడ్ మెడకి తగిలి ఆడమ్ జాన్సన్ చనిపోయాడు, 29 ఏళ్ళ కుర్రాడు. వేడిగా ఉంటుంది, ఇబ్బందిగా ఉంటుంది, రెండు వారాల్లో అలవాటైపోతుంది.

యూరప్ గురించి కూడా మనసులో ఉంచుకో. స్వీడన్, ఫిన్లాండ్, జర్మనీ, స్విట్జర్లాండ్ లీగుల్లో మంచి జీతాలతో గౌరవంగా కెరీర్ నడుపుకున్నవాళ్ళు బోలెడు మంది. దాని సంగతి సమయం వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

నిన్న డెవలప్‌మెంట్ క్యాంప్‌కి (టీము కుర్రాళ్ళకి పెట్టే శిక్షణ శిబిరానికి) పిలుపు వచ్చిందని విన్నాను. వెళ్ళు. డ్రాఫ్ట్ అయినవాళ్ళ మధ్య పిలిచి తెచ్చుకున్న కుర్రాడిగా ఉంటావు, పట్టించుకోకు. ఈ వారం స్కేట్ బ్లేడ్ గాడి లోతు మార్చకు, అలవాటైనదే ఉంచు. అదనంగా పదును పెట్టించిన బ్లేడ్ల జత ఒకటి బ్యాగులో పెట్టుకో. మొదటి రోజు పూర్తయ్యాక రాత్రి ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి. ఎన్ని గోల్స్ కొట్టావో నేను అడగను. ఎవరితో లైన్‌లో ఆడించారు, పెనాల్టీ కిల్ డ్రిల్‌లో నిన్ను ఎక్కడ నిలబెట్టారు, అవి చెప్పు. మేలుకునే ఉంటాను.

నీ పెదనాన్న