కుక్కకు పచ్చిమాంసం అలవాటు చేయడం ఎలా?

ప్యాకెట్ ఫుడ్ తినే కుక్కను మార్చడానికి పది రోజులు తీసుకోండి: మూడు రోజులు పచ్చిమాంసం పావు వంతు, తర్వాత సగం, ఆపై ముప్పావు. మొదట ఎముక లేని చికెన్ ఒక్కటే. నాలుగు రకాలు కలిపేస్తే ఏది పడలేదో తెలియదు.

ఎదిగిన కుక్కకు రోజుకు దాని బరువులో 2–3 శాతం చాలు. 20 కిలోల కుక్కకైతే 500 గ్రాములు: కండ 400, ఎముక 50, కార్జం 25, కిడ్నీ లేదా తిల్లి (ప్లీహం) 25. కందనకాయ, గుండెకాయ కండ కిందికే వస్తాయి. కోడి రెక్కలో దాదాపు సగం ఎముకే కాబట్టి ఆ 50 గ్రాముల ఎముకకు బదులు 100 గ్రాముల రెక్కలు వేసి, కండ 50 తగ్గించండి. మలం సున్నపు ముక్కలా తెల్లగా వస్తే ఎముక ఎక్కువైనట్టు. నల్లగా, జారుడుగా ఉంటే కార్జం తగ్గించాలి. ఉడికిన ఎముక అసలు వద్దు, పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

ఈ లెక్కలో జింక్, అయోడిన్, విటమిన్ ఇ తక్కువ పడతాయి. నెలల తరబడి పెట్టాలంటే పశువైద్యుడితో సప్లిమెంట్లు రాయించుకోండి. కుక్కపిల్లలకు ఈ కొలతలు పనికిరావు.

ఫ్రీజర్‌లో పెట్టినా, మనుషులకూ సోకే సాల్మొనెల్లా బాక్టీరియా చావదు. మాంసాన్ని ఫ్రిజ్ కింది అరలోనే కరగనివ్వండి, అరగంటలో తినకపోతే గిన్నె తీసి సబ్బుతో కడగండి. ఇంట్లో పసిపిల్లలో, గర్భిణులో ఉంటే? ఎముకలు తీసి ఉడికించి పెట్టడమే నయం.